సబ్బు అడిగితే డబ్బు ఇచ్చాను

ముందుగా అందరూ నవ్విన సంగతి చెబుతాను. రెండేళ్ల కిందటి మాట. ఆదివారం పొద్దున అరుగు మీద కూర్చున్నాను. మా ఇంటామె బాత్‌రూమ్ తలుపు కొంచెం తీసి, "సబ్బు ఇయ్యుండ్రి" అంది. నేను లేచి, అంగీ జేబులోంచి రెండు వందల నోటు తీసి, తలుపు సందులోంచి లోపలికి చాచాను. ఒక్క క్షణం లోపల చప్పుడు లేదు. తర్వాత నవ్వు వినిపించింది. ఆ నవ్వు మాత్రం నాకు బాగానే వినిపించింది.

ఆ ముచ్చట మా వాడంతా తిరిగింది. పండుగకు వచ్చిన మా పెద్దబిడ్డ చెప్పింది, అల్లుడు చెప్పాడు, ఆఖరికి మనుమరాలు కూడా బళ్లో చెప్పి వచ్చింది. నేనూ నవ్వాను. చెవులు మందగించినవాళ్లకు మొదట అబ్బే విద్య అదే. ఏమన్నారో అర్థం కాకపోయినా పదిమందీ నవ్వినప్పుడు నవ్వడం, పదిమందీ తలూపినప్పుడు తలూపడం.

నా వయసు 61. మాది నాగిరెడ్డిపేట. ఇప్పుడు కామారెడ్డి జిల్లా, ఎల్లారెడ్డి డివిజన్; 2016 దాకా నిజామాబాద్ జిల్లా. పోచారం ప్రాజెక్టు పక్కన అంటే చాలామందికి తొందరగా తెలుస్తుంది. ఇంటర్ చదివి, ఉద్యోగం రాక, మా నాయన పెట్టిన పిండి గిర్నీలో కూర్చున్నాను. 33 ఏళ్లు కూర్చున్నాను. నా చెవుల కథ అక్కడే మొదలైంది.

గిర్నీలో ఎవరు చెవిటివారో తెలియదు

గిర్నీ చప్పుడు ఎట్లుంటుందో ఊళ్లలో పుట్టినవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. మోటారు మోత, పట్టా కొట్టుకునే చప్పుడు, రాళ్ల రాపిడి. జొన్నలు పట్టేటప్పుడు ఒక తీరు, ఎండుమిరపకాయలు పట్టేటప్పుడు ఇంకో తీరు. సంక్రాంతికి ముందు వారం పొద్దుగాల ఆరింటికి మొదలుపెడితే రాత్రి తొమ్మిదింటి దాకా ఆగేది కాదు.

ఆ చప్పుడులో ఎవరూ చెవులతో వినరు. వచ్చినవాళ్లంతా అరిచే మాట్లాడతారు. "సన్నగనా, దొడ్డుగనా?" అని నేను అడిగితే వేళ్లతో చూపిస్తారు. ఎవరి పెదవులు ఎట్లా కదులుతాయో నాకు కంఠతా వచ్చేసింది. అందుకే నా చెవులు ఎప్పుడు పాడవడం మొదలైందో నాకూ తెలియలేదు, ఊరికీ తెలియలేదు. గిర్నీలో నేను అందరికంటే బాగా వినేవాణ్ని. గిర్నీ బంద్ చేసి ఇంటికొస్తేనే చెవిటివాణ్ని.

తర్వాత తెలుసుకున్న సంగతి ఒకటి ఇక్కడే చెబుతాను. చప్పుడును డెసిబెల్స్‌లో కొలుస్తారు. రోజుకు 8 గంటలు వినడానికి 85 డెసిబెల్స్ హద్దు అని నిపుణులు పెట్టుకున్న లెక్క. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గిపోతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలే. పక్క మనిషితో మాట్లాడాలంటే అరవాల్సి వస్తోందంటే, ఆ చోటు దాదాపు ఆ హద్దుకు చేరినట్టే. నేను అట్లాంటి చోట 33 ఏళ్లు అరిచాను.

లోపల జరిగేది ఇది. చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంటుంది, కాక్లియా అంటారు. అందులో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు ఒక్కో చెవికి 15 వేల వరకు ఉంటాయి. చప్పుడును మెదడుకు అందించేవి అవే. పెద్ద చప్పుళ్లకు అవి వంగి వంగి చివరకు చచ్చిపోతాయి. పోయిన వెంట్రుక తల మీదనైనా మళ్లీ మొలుస్తుందేమో గానీ, మనిషి చెవిలో పోయిన కణం మళ్లీ మొలవదు. చెవుల్లో పెట్టుకునే ఫోమ్ బిళ్లలో, చెవుల మీద పెట్టుకునే మఫ్‌లో ఉంటే ఈ వ్యాసం రాసే పని నాకు ఉండేది కాదు. ఇప్పుడు గిర్నీ చూసుకుంటున్న మా తమ్ముని కొడుకుకు మఫ్‌లు నేనే కొనిచ్చాను. పెట్టుకుంటున్నాడా లేదా అని రోజూ పోయి చూసొస్తున్నాను.

మూడుసార్లు పిలిచిన

నవ్వు సంగతి అయిపోయింది. ఇప్పుడు నవ్వు రాని సంగతి.

కిందటేడు వానలు పడ్డ కొత్తలో, ఒక మాపటి పూట నేను ముందరింట్లో టీవీ చూస్తున్నాను. సౌండు ఎంత పెట్టానంటే, పక్కింటివాళ్లకు వేరే టీవీ అవసరం లేనంత. మా ఇంటామె వెనక బోరింగ్ దగ్గర బట్టలు ఉతుకుతోంది. పాకుడు మీద కాలు జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. లేవలేక అక్కడే కూర్చుని నన్ను పిలిచింది.

నాకు వినపడలేదు.

పక్కింటి చెల్లె గోడ మీదుగా చూసి, పరుగెత్తుకొచ్చి నా భుజం పట్టి ఊపింది. నేను వెనక్కి పోయి చూసేసరికి మా ఇంటామె గోడకు ఆనుకుని, విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడవడం లేదు. ఆటోలో ఆస్పత్రికి పోతున్నప్పుడు "నన్ను పిలువలేదా?" అని అడిగాను. నా ముఖం వైపు తిరిగి, పెదవులు కనబడేలా మెల్లగా చెప్పింది:

"మూడుసార్లు పిలిచిన. ఇగ పిలుసుడు బంద్ జేసిన."

ఆమె చెప్పింది ఆ ఒక్క సాయంత్రం గురించే. నాకు మాత్రం ఐదారేళ్లు కళ్ల ముందు కదిలాయి. ఒకప్పుడు అన్నం తింటున్నప్పుడు ఊళ్లో సంగతులన్నీ చెప్పేది. ఎవరింట్లో పొత్తి కుదిరింది, ఎవరి బర్రె ఈనింది, మా చిన్నబిడ్డ ఫోన్‌లో ఏమంది. నేను "ఆఁ? ఏమన్నవ్?" అని రెండుసార్లు అడిగేవాణ్ని. మూడోసారి ఆమె గట్టిగా చెబితే "ఎందుకట్ల ఒర్లుతవ్?" అని విసుక్కునేవాణ్ని. చెప్పకపోతే ఒక తప్పు, గట్టిగా చెబితే ఇంకో తప్పు. ఎప్పటి నుంచో గానీ ఆమె చెప్పడం మానేసింది. "తిన్రా?", "మందు ఏసుకున్రా?", "కరెంటు బిల్లు వచ్చింది". మా ఇంట్లో మిగిలిన మాటలు ఇవే. నేను దాన్ని వయసు మీద పడ్డ ప్రశాంతత అనుకున్నాను.

ముందు చేసిన తప్పు

సంగతి తెలిసిన మా అల్లుడు ఆన్‌లైన్‌లో రెండు వేలకు ఒక చెవి మిషన్ తెప్పించాడు. చెవిలో పెట్టగానే కుయ్‌మని ఈల. దాంతో పాటు ఫ్యాను, టీవీ, కుక్క, మనిషి అన్నీ ఒకే లెక్కన పెద్దగయ్యాయి. మాట మాత్రం ముందు ఎంత అర్థం కాలేదో ఇప్పుడూ అంతే అర్థం కాలేదు. మూడో రోజుకు డబ్బాలో పెట్టేశాను. "మిషన్లు పని చెయ్యవు" అని పదిమందికి చెప్పాను కూడా. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

అది అసలు చెవి మిషనే కాదు, చప్పుడు పెంచే యంత్రం మాత్రమే. చూపు తగ్గినవాడు పరీక్ష చేయించుకోకుండా జాతరలో అద్దాలు కొనుక్కున్నట్టు అన్నమాట. పరీక్ష లేకుండా పెట్టిన మిషన్‌తో వినికిడి బాగుపడకపోగా, మరీ పెద్ద చప్పుడు పోతే మిగిలినది కూడా చెడే ప్రమాదం ఉంది.

చివరకు కామారెడ్డిలో చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన ముందుగా చెవిలో గులిమి తీశాడు. కొందరికి అంతటితోనే సగం వినికిడి తిరిగొస్తుందట. నాకు రాలేదు. కర్ణభేరి బాగానే ఉంది, చీము లేదు, ఆపరేషన్‌తో అయ్యే పని కాదు, ఆడియాలజిస్టు దగ్గర పరీక్ష చేయించుకొమ్మని చీటీ రాశాడు. దానికి హైదరాబాద్ పోయాను. మెదక్ మీదుగా బస్సు, జూబ్లీ బస్టాండులో దిగడం.

గీత కిందికి జారింది

చప్పుడు రాని చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. కూత వినిపించిన ప్రతిసారీ నొక్కాలి. నేను అన్నీ నొక్కాననే అనుకున్నాను. బయటికి వచ్చి అద్దం వెనక కూర్చున్న అమ్మాయిని అడిగితే, "అంకుల్, చివర్లో చాలా కూతలు ఇచ్చాను, మీరు నొక్కలేదు" అంది. నాకు అసలు అవి ఉన్నట్టే తెలియదు. వినపడనిది వినపడలేదని తెలియదు. ఈ జబ్బులో ఉన్న మాయ అదే.

కాగితం మీద గీత గీసి చూపించింది. దాన్ని ఆడియోగ్రామ్ అంటారు. ఎడమవైపు లావు శబ్దాలు, కుడివైపు సన్న శబ్దాలు. నాకు 500 హెర్ట్జ్ దగ్గర 25 డెసిబెల్స్‌కే వినిపించింది, అంటే దాదాపు మామూలే. 1000 దగ్గర 40, 2000 దగ్గర 55, 4000 దగ్గరికి వచ్చేసరికి 70 పెడితే గానీ వినపడలేదు. నాలుగూ కలిపి సగటు తీస్తే 47.5. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 35 నుంచి 50 లోపు ఉంటే మధ్యస్థ లోపం. గీత మా పోచారం కట్ట నుంచి కిందికి దిగినట్టు కుడివైపు జారిపోయింది.

"అంటే సగం చెవుడా అమ్మా?" అన్నాను.

"సగం కాదు అంకుల్. మీకు అచ్చులు వినిపిస్తున్నాయి. హల్లులు పోతున్నాయి."

అప్పుడు నా సబ్బు కథకు అర్థం దొరికింది. అ, ఆ, ఉ, ఓ లాంటి అచ్చులు లావు శబ్దాలు, బలంగా ఉంటాయి. స, శ, త, ప, క, హ లాంటివి సన్నగా, పలచగా ఉంటాయి. మాటకు బలం ఇచ్చేది అచ్చు, అర్థం ఇచ్చేది హల్లు. మన తెలుగులో దాదాపు ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది కదా. అందుకే ఎదుటివాళ్లు మాట్లాడుతున్నట్టు నాకు బాగానే తెలుస్తుంది. ఏం మాట్లాడుతున్నారో మాత్రం తెలియదు. పప్పు, కప్పు, తప్పు నా చెవికి మూడూ ఒక్కటే. సబ్బులో 'స' ఎగిరిపోయి మిగిలిన ముక్కకు నా బుర్ర తోచిన అక్షరం తగిలించింది. మగవాళ్ల గొంతు కంటే ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు నాకు ఎందుకు కష్టమయ్యాయో కూడా అప్పుడే తెలిసింది. మనుమరాలు ఫోన్‌లో "తాతా, నువ్వు ఇంటలేవ్" అని పక్కన పెట్టేసేది. అది అలక అనుకునేవాణ్ని.

"ఇంట్లోవాళ్లు గట్టిగా అరిస్తే?" అని అడిగాను. అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి గానీ హల్లులు అంతగా పెరగవట. అందుకే మా ఇంటామె అరిచినప్పుడు నాకు ఒర్లినట్టు వినిపించింది గానీ అర్థం కాలేదు. తప్పు ఆమె గొంతులో లేదు, నా చెవిలో ఉంది. ఈ ముక్క నాకు పదేళ్ల కిందట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మొదటి రోజు: తాళ్లు తెంపుకుని పారిపోదామనిపించింది

చెవి వెనక పెట్టుకునే రకం తీసుకున్నాను. సన్నటి తీగ చెవిలోకి పోతుంది, దాని కొసకు మెత్తని రబ్బరు టోపీ. రెండు చెవులకూ కలిపి 48 వేలు అయ్యింది. ఒక్క చెవికే తీసుకుంటానంటే, చప్పుడు ఎటువైపు నుంచి వస్తోందో తెలియాలన్నా, పదిమందిలో మాట విడదీయాలన్నా రెండూ కావాలని ఆ అమ్మాయి చెప్పింది. ఎద్దుల బండికి ఒక్క ఎద్దును కడతామా అనుకుని సరేనన్నాను.

నా గీత ప్రకారం కంప్యూటర్‌లో సరిచేసి, ఆన్ చేసింది.

మొదట వినిపించింది మాట కాదు. గదిలో ఏసీ చప్పుడు. తర్వాత ఆమె కాగితం తిప్పితే ఎండు కొబ్బరాకు మీద నడిచినట్టు వినిపించింది. నేను "బాగుంది" అన్నాను, ఆ గొంతు నాది కాదు. కుండలో తల పెట్టి మాట్లాడినట్టు ఉంది. "నా గొంతేనా ఇది?" అంటే నవ్వి, రబ్బరు టోపీ మార్చి రంధ్రాలున్నది పెట్టింది. కొంచెం నయమయ్యింది.

బస్టాండుకు వచ్చేసరికి నా పని అయిపోయింది. బ్రేకులు కత్తులు నూరినట్టు, హారన్లు నెత్తి మీద కొట్టినట్టు. పక్క సీటు మనిషి ప్లాస్టిక్ కవర్‌లోంచి మురుకులు తీసి తింటుంటే, ఆ కవర్ చప్పుడుకు మెదక్ దాకా నా పళ్లు జివ్వుమంటూనే ఉన్నాయి. 48 వేలు పెట్టి తలనొప్పి కొనుక్కున్నానా అనుకున్నాను. ఊరు చేరేలోపే తీసి డబ్బాలో పెట్టాను.

ఇక్కడే చాలామంది ఆగిపోతారట. డబ్బు పెట్టి కొని, వారం వాడి, బీరువాలో పెట్టేస్తారు. ఆ అమ్మాయి ముందే చెప్పి పంపింది కాబట్టి నేను ఆగలేదు. "అంకుల్, మిషన్ అద్దాల్లాంటిది కాదు. అద్దాలు పెట్టగానే కనిపిస్తుంది. చెవి మిషన్‌కు మెదడు అలవాటు పడాలి. ఏళ్ల తరబడి సన్న శబ్దాలు పోలేదు కాబట్టి, మీ మెదడు వాటిని మరిచిపోయింది. ఇప్పుడు ఒక్కసారి వస్తే ఏది పనికొచ్చేదో, ఏది పక్కకు నెట్టేదో దానికి తెలియదు. కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు పడుతుంది. అందుకే నేను కూడా ఇప్పుడే పూర్తి సౌండు పెట్టలేదు, మెల్లగా పెంచుదాం" అంది.

వారం వారం

మొదటి వారం: ఇంట్లో మాత్రమే, పొద్దున రెండు గంటలు, మాపటికి రెండు గంటలు. టీవీ బంద్, ఒక్క మనిషితోనే మాట. రోజూ పేపరు పైకి చదవడం, అదీ నా గొంతు నాకు అలవాటు కావడానికి. గిన్నెలు కడుగుతుంటే బాంబులు పేలినట్టు ఉండేది. నడుస్తుంటే నా చెప్పులు చప్పుడు చేస్తాయని అప్పుడే తెలిసింది. పొయ్యి మీద గ్యాసు 'స్‌స్' అంటుందని, గోడ గడియారం టిక్కుమంటుందని, మా వేపచెట్టు మీద ఇన్ని పిట్టలున్నాయని కూడా.

రెండో వారం: ఆరు గంటలు. కవర్ చప్పుడు ఇంకా విసుగ్గానే ఉంది గానీ ఫ్యాను వినపడడం మానేసింది. మానేయలేదు, బుర్ర దాన్ని పక్కకు పెట్టింది. రుమాలు తలకు చుట్టుకుంటే ఈల వచ్చేది. మిషన్‌లోంచి బయటికి కారిన చప్పుడు మళ్లీ దాని మైకులోకే పోతే ఆ కూత వస్తుందట. దిండు మీద పక్కకు పడుకున్నా అంతే. టోపీ చెవిలో సరిగా కూర్చోకపోయినా, గులిమి అడ్డం పడినా అంతే. రుమాలు చుట్టే తీరు మార్చుకున్నాను.

మూడో వారం: మళ్లీ హైదరాబాద్. ఏది ఇబ్బందిగా ఉందో కాగితం మీద రాసుకుపోయాను. "గిన్నెలు, కవర్, సొంత గొంతు" అని. ఆ కాగితం చూసి ఆ అమ్మాయి సంతోషపడింది. "బాగా లేదు" అంటే ఏం మార్చాలో తనకు తెలియదు, "గిన్నెల చప్పుడు గుచ్చుతోంది" అంటే మార్చగలదు. మీరు పోయినప్పుడు కూడా రాసుకుని పోండి.

ఐదో వారం: మా మేనల్లుని పెండ్లి. ఫంక్షన్ హాల్లో బ్యాండు, డీజే, ఐదు వందల మంది. అక్కడ నా మిషన్లు ఓడిపోయాయి. భోజనాల దగ్గర పక్కనున్న బావ చెప్పింది సగం కూడా అందలేదు. మళ్లీ పాత అలవాటు ప్రకారం నవ్వి తలూపాను. ఇంటికొచ్చి బాగా బాధపడ్డాను. తర్వాత తెలిసింది, అట్లాంటి చోట మామూలు చెవులవాళ్లకే సగం వినపడదని. మిషన్ అనేది సాయం మాత్రమే, కొత్త చెవి కాదు. ఇప్పుడు ఫంక్షన్‌కు పోతే డబ్బాలకు దూరంగా, గోడకు వీపు పెట్టి కూర్చుంటున్నాను. మాట్లాడేవాళ్ల ముఖం వెలుతురులో ఉండేలా చూసుకుంటున్నాను. వినపడకపోతే తలూపడం మాత్రం మానేశాను. "వినపడలే, మళ్ల జెప్పు" అంటున్నాను. ఈ నాలుగు ముక్కలు నేర్చుకోవడానికి మిషన్ కంటే ఎక్కువ కాలం పట్టింది.

బ్యాటరీల సంగతి కూడా చెప్పాలి. నావి 312 నంబరువి, గోధుమ రంగు స్టిక్కర్ ఉంటుంది. స్టిక్కర్ తీసి ఒక నిమిషం గాలికి ఉంచి పెట్టాలి. గాలి తగిలితేనే అవి పని చేస్తాయి. ఒకసారి తీశాక మళ్లీ అంటించినా ఆగవు. నాకు వారం వస్తున్నాయి. రాత్రి తీసినప్పుడు బ్యాటరీ తలుపు తెరిచి, తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెడుతున్నాను. మన ఎండల్లో చెమట, వానల్లో తేమ, ఈ రెండే మిషన్లకు శత్రువులు. స్నానానికి ముందు తీయడం మరచిపోవద్దు. చిన్నపిల్లలున్న ఇంట్లో బ్యాటరీలు అందకుండా పెట్టాలి, మింగితే చాలా ప్రమాదం.

కళ్లకు లేని సిగ్గు చెవులకెందుకు?

మొదటిసారి మిషన్లతో హోటల్‌కు పోయినప్పుడు నలుగురు చూశారు. ఒకడు "ఏందే, బ్లూటూతా?" అన్నాడు. ఇంకొకడు నా చెవి దగ్గరికి వచ్చి అరిచాడు. "చెవిటివాని ముందు శంఖం" సామెత ఎవరో అననే అన్నారు. అదే హోటల్లో పదిమందిలో ఆరుగురికి కళ్లద్దాలున్నాయి. వాళ్లను ఎవరూ గుడ్డివాళ్లనరు.

మన రాష్ట్రంలో 2018 ఆగస్టు 15న పక్కనే మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలుపెట్టారు. ఊరూరా క్యాంపులు పెట్టి కళ్లు చూశారు, అద్దాలిచ్చారు. నేనూ లైన్లో నిలబడి తెచ్చుకున్నాను. సిగ్గనిపించలేదు, ఎందుకంటే ఊరంతా నిలబడింది. చెవులకూ అట్లాంటిది ఒకటి వస్తే సగం సిగ్గు దానంతటదే పోతుంది.

మనం తక్కువ మందిమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం 150 కోట్ల మందికి పైగా ఎంతో కొంత వినికిడి లోపం ఉంది. 43 కోట్ల మందికి చికిత్సో, మిషనో ఏదో ఒక సాయం కావాల్సినంత లోపం ఉంది. మిషన్‌తో మేలు జరిగేవాళ్లలో నిజంగా వాడుతున్నది 17 శాతమే. మార్చి 3ను వినికిడి దినంగా జరుపుతారు. 3 అంకె చెవి ఆకారంలో ఉంటుందని మూడో నెల మూడో తేదీ పెట్టారు. 1983లో అమెరికా అధ్యక్షుడు రీగన్ చెవి మిషన్ పెట్టుకుని అందరి ముందుకు వచ్చాడు. ఆయన చెవి పాడవడానికి కారణం సినిమా షూటింగ్‌లో పక్కనే పేలిన తుపాకీ. అధ్యక్షుడికి లేని సిగ్గు గిర్నీ నడిపినవాడికెందుకు?

ఇంకో సంగతి భయపెట్టడానికి కాదు, తెలిసి ఉండాలని చెబుతున్నాను. మతిమరుపు జబ్బు మీద లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో మన చేతిలో ఉన్న 14 కారణాలను లెక్కగట్టింది. అందులో వినికిడి లోపం ఒకటి. మాట అందనివాడు మెల్లగా మనుషుల్లోంచి తప్పుకుంటాడు. నేను సంఘం మీటింగులకు పోవడం మానేశాను, ఫోన్ ఎత్తడం మానేశాను. ఇంకో ఐదేళ్లు అట్లే ఉంటే ఏమయ్యేవాణ్నో.

డబ్బు సంగతి చాలామందికి అడ్డం. 48 వేలు నాకూ చిన్న మాట కాదు, ఒక పంట డబ్బు పోయింది. దారులు లేకపోలేదు. దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం 1981 నుంచి ఉంది. 60 ఏళ్లు దాటిన పేదలకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. కర్రలు, కళ్లద్దాలు, పండ్ల సెట్లతో పాటు చెవి మిషన్లు కూడా ఇస్తారు. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, వినికిడి, మాట సమస్యలకే ప్రత్యేకం. కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. లోపం 40 శాతం, ఆపైన ఉంటే దివ్యాంగుల సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ముందు పరీక్ష చేయించుకోండి, ఎక్కడికి పోవాలో ఆ గీతే చెబుతుంది.

ఇంట్లో మారింది

మిషన్ నేను పెట్టుకున్నాను గానీ ఇంట్లో అందరం నేర్చుకున్నాం. నన్ను పిలవాలంటే ముందు నా దృష్టి మళ్లించి, తర్వాత మాట మొదలుపెట్టాలి. వంటింట్లోంచి ముందరింటికి అరవద్దు. అరవకుండా కొంచెం నిదానంగా చెప్పాలి. అర్థం కాకపోతే అదే మాట నాలుగుసార్లు అనకుండా వేరే మాటలతో చెప్పాలి. "సబ్బు" అందకపోతే "ఒళ్లు రుద్దుకునేది" అనాలి. మా మనుమరాలికి ఈ ఆట బాగా నచ్చింది.

కొద్ది రోజుల కిందట అలుగు పారుతోందంటే అందరం పోచారం పోయాం. 1916 నుంచి 1922 దాకా కట్టిన ప్రాజెక్టు అది, నా చిన్నప్పటి నుంచి ఆ అలుగు చప్పుడు వింటూనే ఉన్నాను. లావు శబ్దం కదా, చెవులు పోయినా అది మాత్రం ఎప్పుడూ పోలేదు. ఈసారి ఆ హోరు పక్కన కట్ట మీద మనుమరాలు తనలో తాను ఏదో పాడుకోవడం వినిపించింది. ఏం పాటో అడిగాను. "నీకు ఇనవడ్డదా తాతా?" అని ఆగిపోయింది. తర్వాత ఇంకొంచెం గట్టిగా పాడింది.

ఇంట్లో ఇంకో సంగతి బయటపడింది. నాకు వినపడదన్న ధైర్యంతో మా ఇంటామె ఇన్నేళ్లు వంటింట్లో నన్ను గొణుగుతూ తిట్టుకుంటోంది. మిషన్లు పెట్టిన పదో రోజు నేను చెప్పులు గడపలో వదిలితే లోపలి నుంచి "ఎన్నిసార్లు చెప్పినా ఈ మనిషి మారడు" అని వినిపించింది. "ఇనవడ్డది" అన్నాను. గరిటె కింద పడ్డ చప్పుడు కూడా వినిపించింది.

ఆమె మణికట్టు అతికింది గానీ వానాకాలం వస్తే ఇంకా లాగుతుందట. మా వెనకింట్లో బోరింగ్ దగ్గర ఇప్పుడు గరుకు బండలు పరిపించాను. నేను ఇంట్లో ఉన్నంతసేపు మిషన్లు చెవులకే ఉంటాయి. పడుకునే ముందు మాత్రమే తీస్తాను.

నిన్న రాత్రి మంచం మీద కూర్చుని కుడి చెవిది తీసి డబ్బాలో పెట్టాను. ఎడమ చెవి మీద చెయ్యి వేస్తుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఆగుండ్రి. ఇంకో ముచ్చట చెప్పాలె" అంది.

తీసింది మళ్లీ పెట్టుకున్నాను.